సింగారి మింగేసిన మాట

అనగనగా ఒక పెద్ద అడవి ఉండేది, పిల్లలూ. సర్కారు వారు కాపలా పెట్టి, చెట్టు మీద గొడ్డలి పడకుండా చూసుకునే అడవి. అందులో కూలిపోయిన పాత కోట ఉంది. లోయ అంచున పెద్ద బండ ఉంది. జలపాతం కింద చల్లటి మడుగు ఉంది. ఈ మూడూ చూడాలని ఎక్కడెక్కడి జంతువులో వచ్చేవి. వాటికి దారి చూపేది సింగారి అనే బెట్టుడుత, అంటే చెట్ల మీదే బతికే పెద్ద అడవి ఉడుత. తోక పొడుగు, మనసు మెత్తన. అతిథులు కింద నడుస్తుంటే తను కొమ్మల మీద దూకుతూ ముందు వెళ్ళేది. తనను నమ్మి వచ్చినవాళ్ళకి ఏమవుతుందోనని దానికి ఎప్పుడూ గుండెల్లో గుబులే.

వానలు మొదలైన రోజుల్లో మైదానం నుంచి ముగ్గురు వచ్చారు. ముళ్ళపంది ఓబులేసు, అతని భార్య కాశమ్మ, వాళ్ళ పొరుగున ఉండే కుందేలు పుల్లన్న. పుల్లన్న నవ్వించడంలో దిట్ట.

ముందు కోటకి వెళ్ళారు. ద్వారానికి పెద్ద తేనెపట్టు వేలాడుతోంది. సింగారి భయపడి అందరినీ ముళ్ళపొదల్లోంచి చుట్టూ తిప్పింది. లోపలికెళ్ళి చూస్తే అది ఎండిపోయిన పట్టు, ఒక్క ఈగ కూడా లేదు. పుల్లన్న చెవుల్లో దిగిన ముళ్ళు తీసుకుంటూ పడీపడీ నవ్వాడు. అయినా కోట బాగుంది. గోడ మీద చెక్కిన ఏనుగుల వరుసని కాశమ్మ చాలాసేపు చూసింది. రాజులు పోయినా ఏనుగులు ఇంకా నడుస్తూనే ఉన్నాయంది.

తర్వాత బండ దగ్గరికి వెళ్ళారు. లోయ నిండా పచ్చదనం, మధ్యలో వెండి తీగలా వాగు. అందరూ మైమరచి చూస్తుంటే, గడ్డిలో పసుపు రంగేదో కదిలింది. చిరుతపులి అని సింగారి కేక పెట్టింది. ముగ్గురూ బండ సందులో దూరి ఊపిరి బిగబట్టారు. తీరా చూస్తే, ఎవరో మనుషులు వదిలేసి వెళ్ళిన పసుపు తువ్వాలు గాలికి ఊగుతోంది. ఈసారి ఓబులేసు కూడా నవ్వాడు. పుల్లన్నయితే ఆ తువ్వాలు ముందు వంగి, దండాలు పెట్టి, తమని తినొద్దని వేడుకున్నాడు. సింగారి సిగ్గుతో తోక ముఖానికి అడ్డం పెట్టుకుంది.

చివరికి మడుగు చేరారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఎండ కాస్తోంది. పుల్లన్న ఇసుకలో దొర్లాడు. కాశమ్మ ఒడ్డున కాళ్ళు తడుపుకుంటూ కూర్చుంది. ఓబులేసు మడుగు మధ్యలోని రాయెక్కి హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

సింగారి చెట్టు చిటారుకొమ్మ నుంచి పై కొండ వైపు చూసింది. అక్కడ మబ్బు నల్లగా దిగి ఉంది. కిందికి చూసింది. నీళ్ళ రంగు మారుతోంది, అంచున కాస్త ఎరుపు. రెండు పుల్లలు కొట్టుకొచ్చాయి. తర్వాత ఆకులు. కొండ మీద వాన పడితే వాగు ఒక్కసారిగా పొంగుతుందని దానికి తెలుసు.

చెప్పాలని నోరు తెరిచింది. తువ్వాలు గుర్తొచ్చింది. ఇది కూడా ఉత్తదే అయితే? ఇంకొంచెం చూద్దాం, మరీ ఎర్రబడితే చెబుదాం అనుకుని నోరు మూసుకుంది. గోళ్ళు బెరడులో దిగబడేలా కొమ్మని పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

అంతలో కొండ మీద నుంచి హోరు వినిపించింది.

"మామా, ఒడ్డుకి రా! వరద!" అని సింగారి అరిచింది. పుల్లన్న ఒక్క గెంతులో గట్టెక్కాడు. కాశమ్మ వేరు పట్టుకుని పైకి పాకింది. ఓబులేసు కళ్ళు తెరిచేలోపే ఎర్రటి నీళ్ళు రాయిని మింగేశాయి.

కాశమ్మ భర్తని పిలుస్తూ వాగు వెంట పరుగెత్తింది. సింగారి కొమ్మ కొమ్మా దూకుతూ నీళ్ళలో వెతికింది. కొట్టుకుపోయే ప్రతి నల్లటి మొద్దూ ఓబులేసులాగే కనిపించింది. పొద్దు వాలే వేళకి, వాగు మలుపులో, నేరేడు వేళ్ళ మధ్య చిక్కుకుని కనిపించాడు. సగం ముళ్ళు ఊడిపోయాయి. ఒక కాలు విరిగింది. కానీ ఊపిరుంది. ముగ్గురూ కలిసి గట్టు మీదికి లాగారు.

కాశమ్మ అతని పక్కన కూలబడింది. కాసేపటికి తలెత్తింది. "అంత ఎత్తున ఉన్నావు కదమ్మా, నీకు కనిపించలేదా?" అని అడిగింది.

"కనిపించింది అత్తా," అంది సింగారి. "నవ్వుతారని ఊరుకున్నాను."

పుల్లన్న చెవులు వేలాడేశాడు. కాశమ్మ ముఖం తిప్పుకుంది.

ఓబులేసు మూలుగుతూ అన్నాడు: "మేం నవ్వితే నవ్వుతాం, సింగారీ. నవ్వి మళ్ళీ మర్చిపోతాం. నువ్వు మాత్రం చెప్పు."

ఆ కాలు మళ్ళీ తిన్నగా అతుక్కోలేదు. కాశమ్మ కోపం తగ్గడానికి చాలా రోజులే పట్టింది. సింగారి మాత్రం అతిథులని తిప్పడం మానలేదు. దాని గుబులూ పోలేదు. అయినా ఎక్కడ అనుమానం కలిగినా పైకి చెప్పేసేది. విన్నవాళ్ళు ఒక్కోసారి నవ్వేవాళ్ళు. అది వాళ్ళు నవ్వడం పూర్తయ్యేదాకా ఆగి, మళ్ళీ చెప్పేది.

నీతి: నలుగురూ నవ్వుతారని ఆపద గురించి తెలిసిన మాటని దాచుకోకూడదు, హెచ్చరించినవాళ్ళని మళ్ళీ నోరు తెరవలేనంతగా నవ్వులపాలు చేయకూడదు.