పదకొండు మార్కుల బెల్లం

ఈ కథ నాకు మొదట చెప్పింది ఆశ్రమంలో వంట చేసే బుడ్డన్న. వాడు కూరలో ఉప్పు మరిచిపోతాడు గానీ విన్న మాట మరిచిపోడు.

ఓబులయ్య స్వామి ఆశ్రమంలో చిన్న బడి ఉండేది. స్వామి శిష్యుడు శేషగిరి అందులో పంతులు. పరీక్ష అయినప్పుడల్లా ప్రోగ్రెస్ కార్డులు రాసి ఇళ్లకు పంపి, తండ్రుల సంతకాలతో వెనక్కి తెప్పించుకునేవాడు. సగంమంది తప్పినా ఏ తండ్రీ వచ్చి ఇదేమని అడగడు. ఎందుకో అతనికి అంతుపట్టలేదు.

ఒకరోజు సంతలో నేనే ఎదురుపడ్డాను. "మా పిల్ల నాగరత్నకు లెక్కల్లో తొంభై ఒకటి వేసినారంట. మీ చెయ్యి చల్లగుండ!" అన్నాను.

అతను వేసింది పదకొండు. మా ఊళ్లో పెద్దవాళ్లకు చదువు రాదు. కార్డు చదివి వినిపించేది పిల్లలే.

శేషగిరి మండిపడుతూ స్వామి దగ్గరికి పోయాడు. "ఆ పిల్ల పేరు కొట్టేస్తాను స్వామీ. అబద్ధాలు చదివేవాళ్లను బళ్లో ఉంచను."

"కొట్టేద్దువులే. ముందు ఇది మీ అమ్మకిచ్చి రా పో," అని స్వామి ఒక కార్డు చేతిలో పెట్టాడు.

తల్లి ఆదెమ్మ ఉండేది పక్క ఊళ్లో. ఆమెకూ అక్షరం రాదు. కార్డు కళ్లకద్దుకుని, "స్వామి నీ గురించి ఏం రాసినాడో చదువు నాయనా," అంది.

కార్డులో ఒకటే వరుస. *శేషగిరి. ఎదుటివాళ్ల మాట వినడం: నూటికి పదకొండు.*

శేషగిరి గొంతు సవరించుకున్నాడు.

సాయంత్రం సంచినిండా బెల్లంతో ఆశ్రమానికి తిరిగొచ్చాడు. "అమ్మ పంపింది స్వామీ. వీధంతా పంచింది."

స్వామి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"బాగుంది. ఎన్ని మార్కులకు పంచిందిరా?"



మర్నాడు పొద్దున్నే శేషగిరి మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. నాగరత్న కార్డు దాని చేతికే ఇచ్చి, "ఉన్నదున్నట్టు చదువమ్మా," అన్నాడు.

"పదకొండు," అంది అది, ఏడుపు గొంతుతో.

"నాదీ అంతే. రేపట్నుంచి కొంచెం ముందుగా రా. ఇద్దరం కూర్చుందాం."

ఇంతవరకూ నిజమే. కానీ ఈ కథను సంతలో చెప్పుకుని తిరిగే తిరుపాలు, నాగరత్న కార్డు మీద నేను సంతకానికి బదులు వేలిముద్ర వేశానంటాడు. పన్నెండేళ్లుగా అంటున్నాడు. నాకు చదవడం రాదు, ఒప్పుకుంటాను. నా పేరు రాయడం వచ్చు. వీరనాగు, నాలుగక్షరాలు. ఆ కార్డు ఇప్పటికీ ఆశ్రమం పెట్టెలో ఉంది. చదువొచ్చినవాళ్లు ఎవరైనా దాన్ని తీసి, నా సంతకం తిరుపాలుకు గట్టిగా చదివి వినిపించండి. వాడికీ చదువు రాదు. అందుకే ఉన్నదున్నట్టు చదవండి.