శిక్ష పడ్డ పళ్ళు

సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యంలో ఎర్రమల్ల భూపతి అని ఒక రాజుండేవాడు. చెడ్డవాడేం కాదు గానీ తన రుచి మీద తనకి మహా నమ్మకం. ఏ కొత్తది సభకొచ్చినా ఒక్కసారి రుచి చూసి తీర్పు చెప్పేసేవాడు. దానికి తొలిరుచి తీర్పు అని పేరు కూడా పెట్టుకున్నాడు. ఒకసారి చెప్పాడంటే మళ్ళీ విచారణ లేదు. పచ్చడైనా అంతే, పాటైనా అంతే, మనిషైనా అంతే.

ఆ కొలువులో కొమ్మన అని ఒక చమత్కారి. రాజుని నవ్వించడమే అతని ఉద్యోగం. బాగానే నవ్వించేవాడు. కానీ కొన్నాళ్ళుగా ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదు. దానికి కారణం గురవన్న.

గురవన్న కొమ్మనకి చిన్ననాటి స్నేహితుడు. వీణ వాయించేవాడు. నాకెందుకురా కొలువులూ గిలువులూ అంటున్నా వినకుండా కొమ్మనే బతిమాలి తీసుకొచ్చాడు. పాపం గురవన్న కూర్చుని తీగలు బిగించి శ్రుతి చేసుకుంటున్నాడు, వాయించడం ఇంకా మొదలే పెట్టలేదు. రాజు అదే పాటనుకున్నాడు. పిల్లి గోడ గీకినట్టుంది, రాజ్యం దాటించండి అనేశాడు. సభంతా పగలబడి నవ్వింది. కొమ్మన కూడా నవ్వాడు. గురవన్న వీణకి గుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పట్నించీ కొమ్మనకి ఒకటే తపన, ఎలాగైనా ఆ తీర్పు తిరగరాయించి స్నేహితుణ్ణి వెనక్కి తెప్పించాలని. కానీ మీరు తప్పు చేశారని రాజుతో ఎవరంటారు చెప్పండి?

అలా ఉండగా రేవుకి ఓ ఓడ వచ్చింది. అందులో వర్తకుడు రెండు రకాల పళ్ళూ, వాటి మొక్కలూ పట్టుకుని సభకొచ్చాడు. ఒకటేమో ఇప్పుడు మనం ప్యాషన్ ఫ్రూట్ అంటున్నామే, అదన్నమాట. వంకాయ రంగులో, గుండ్రంగా, నున్నగా మెరిసిపోతోంది. రెండోది అవకాడో, బళ్ళ మీద బటర్ ఫ్రూట్ అని అమ్ముతారే, అది. ఆకుపచ్చగా ఉంది, పట్టుకుంటే రాయే. వీటిని ఎప్పుడు తినాలంటే ప్రభూ అని అతను చెప్పబోతుంటే, తినడం కూడా నువ్వే నేర్పుతావా అని రాజు నోరు మూయించాడు.

ముందు అవకాడో కొరికాడు. పన్ను దిగలేదు. దిగినంత మేరా చేదు, వగరు. తరవాత ప్యాషన్ ఫ్రూట్ కోయించి గుజ్జు నోట్లో వేసుకున్నాడు. పులుపుకి ఒక కన్ను మూసుకుపోయింది, కాసేపటిదాకా తెరుచుకోలేదు. రాజు మొహం చూసి పండితులు పోలిక మొదలెట్టారు. అది మొద్దు, ఇది గయ్యాళి అన్నారు ఒకరు. మొద్దుతో కాపురం చెయ్యొచ్చేమో గానీ గయ్యాళితో కష్టం అన్నారు ఇంకొకరు. ఏది ఎక్కువ పనికిమాలిందో ఎంతకీ తేలలేదు. విసుగొచ్చి రాజు, రెండూ దండగే, పళ్ళూ మొక్కలూ అన్నీ నాశనం చెయ్యండి అన్నాడు.

వర్తకుడి మొహం చూస్తే కొమ్మనకి గురవన్నే కనిపించాడు. ఈసారి నవ్వలేదు. లేచి చేతులు కట్టుకుని, మరణశిక్ష పడ్డవాళ్ళని పౌర్ణమి దాకా ఖైదులో ఉంచడం మన ఆచారం కదా ప్రభూ, వీటికి మాత్రం ఆ మర్యాద తప్పడం ఎందుకు అన్నాడు. రాజుకి సరదా పుట్టింది. సరే, నువ్వే కాపలా అన్నాడు.

కొమ్మన బయట వర్తకుణ్ణి పట్టుకుని చెప్పాల్సిందంతా చెప్పించుకున్నాడు. అవకాడోలని తన ఇంట్లో బియ్యం కుండలో కప్పెట్టాడు. ప్యాషన్ ఫ్రూట్లని బుట్టలో వేసి ఉట్టెక్కించాడు.

పౌర్ణమి నాడు ఖైదీలని సభలో పెట్టాడు. ఒకటి నల్లబడి మెత్తబడింది. రెండోది ముడతలు పడిపోయింది. ఏమయ్యా, నీ ఖైదులో ముసలివాళ్ళయిపోయారే అని రాజు ఎగతాళి చేశాడు.

"అవును ప్రభూ. ఇక నాశనం చెయ్యాలి. మట్టిలో పారేస్తే గింజలు మొలుస్తాయి, సముద్రంలో పారేస్తే ఇంకో ఒడ్డున తేలతాయి. పండుని పూర్తిగా నాశనం చెయ్యాలంటే ఒకటే దారి. తినేయడం. తీర్పు తమరిది కాబట్టి ఆ పనీ తమరి నోటితోనే జరగాలి."

రాజు మొహం చిట్లించుకుని ఒక చెంచాడు అవకాడో నోట్లో వేసుకున్నాడు. వెన్నలా జారిపోయింది. ఇంకో చెంచా తీసుకున్నాడు. ప్యాషన్ ఫ్రూట్ పగలగొట్టగానే సభంతా కమ్మటి వాసన. పులుపు వెనకాల తీపి తగిలి రాజుకి రెండు కళ్ళూ పెద్దవయ్యాయి. బుట్ట ఖాళీ అయ్యాక మూతి తుడుచుకుని, ఖైదులో ఇంకెవరైనా మిగిలారా అని అడిగాడు.

"ఇంతకీ రెంట్లో ఏది గొప్పదంటావు కొమ్మనా?"

"వీటికి పోలికెక్కడిది ప్రభూ. అది చల్లగా కడుపు నింపుతుంది, ఇది నాలుగు గింజలతో నాలుకని లేపుతుంది. కలిసింది ఒక్కటే, రెంటికీ కాస్త ఆగాలి. తమరు ఆగలేదు. గురవన్న దగ్గరా ఆగలేదు. ఆ రోజు అతను ఇంకా శ్రుతే చేసుకుంటున్నాడు."

సభ బిగుసుకుపోయింది. రాజు మాత్రం పెద్దగా నవ్వేశాడు. నాచేత నా తీర్పే తినిపించావు కదయ్యా అంటూ మెళ్ళో ముత్యాల హారం తీసి కొమ్మనకి వేశాడు. వర్తకుడి మొక్కలు తోటలో నాటించాడు. గురవన్న కోసం పల్లకీ పంపించాడు.

పల్లకీ ఖాళీగా వచ్చింది.

ఇంకా నా మీద కోపమేనా అని రాజు అడిగాడు. పల్లకీతో వెళ్ళిన భటుడు చెప్పడానికి తటపటాయించాడు. చెప్పక తప్పలేదు.

"లేదు ప్రభూ. 'రాజుగారికి సంగీతం తెలీదు, అందులో తప్పేముంది? కొమ్మనకి తెలుసు. నేను శ్రుతి చేస్తున్నానని తెలిసీ నవ్వాడు' అన్నాడు."

అందరూ కొమ్మన వైపు తిరిగారు, ఏదో ఒక చమత్కారం విసురుతాడని. అతను హారం తీసి రాజు కాళ్ళ దగ్గర పెట్టి, సెలవిప్పించమన్నాడు.

రాజు ఈసారి నవ్వలేదు. నా గుర్రం తీసుకెళ్ళు, తొందరగా చేరతావు అన్నాడు.

"గుర్రం వద్దు ప్రభూ. నడిచే వెళ్తాను. వాడికేం చెప్పాలో అంత తొందరగా తెలిసేట్టు లేదు."