గరిటె తిప్పిన వంట

ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రాములు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసే టెస్టులు రాసే హైమవతి, క్యాంటీన్‌లో కంచం ముందు కూర్చుని ఏడుస్తోంది. వంట చేసే వీరలక్ష్మి దగ్గరికొచ్చి, "ఏమైంది తల్లీ?" అంది.

"కవరేజీ నూరు శాతం లేదని నన్ను ప్రాజెక్టులోంచి తీసేస్తారట పిన్నీ. టెస్టులు నడిపినప్పుడు వెబ్‌సైటు కోడులో ఎన్ని లైన్లు నడిచాయో చెప్పే లెక్క అది. నాది అరవై రెండు, పక్క టీముది నూరు. వాళ్ల టెస్టులు లైన్లను నడిపించి వదిలేస్తాయి, జవాబు సరిగ్గా వచ్చిందో లేదో చూడనే చూడవు. చెబితే మేనేజరు సారు వినడు."

"ముందు నువ్వు అన్నం తిను," అంది వీరలక్ష్మి.

మేనేజరు వామనరావుకు విడిగా వండిపెట్టడం అక్కడి ఆనవాయితీ. మర్నాడు ఆయన పప్పన్నం నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు. కూరా అంతే, చారూ అంతే.

"ఒక్కదాంట్లోనూ ఉప్పు లేదేంటమ్మా!"

"అలాగా అండీ? ప్రతి గిన్నెలోనూ గరిటె పెట్టి తిప్పానే! ఒక్కటీ వదల్లేదు. నూటికి నూరు."

"తిప్పితే సరిపోతుందా? రుచి చూడొద్దూ?"

"చూడాలాండీ? మీ దగ్గర తిప్పితే చాలనుకున్నాను. పాపం, హైమవతి నూటికి అరవై రెండే తిప్పింది గానీ, తిప్పిన ప్రతిదీ రుచి చూసిందట."

వామనరావు కంచం పట్టుకుని లేచాడు. మెల్లగా అడిగాడు. "ఆ అమ్మాయి ఎక్కడుంది?"

"అదిగోండి, ఆ కిటికీ పక్కన. ఉప్పేసిన పప్పు గిన్నె ఆ పిల్ల దగ్గరే పెట్టాను. వెళ్లి అడగండి బాబూ, వడ్డిస్తుంది."