మాట్లాడని సముద్రం

మురారికి ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

గురువు తాయారమ్మ నాటక బృందంలో అతనిదే పెద్ద గొంతు. వేడెక్కుతున్న భూమి గురించీ, తీరాన్ని కోసుకుంటూ వస్తున్న సముద్రం గురించీ ఒక నాటకం రాశాడు. సముద్రుడి వేషమూ తనే కట్టాడు. నెత్తిన కిరీటం, భుజాల మీద నీలం గుడ్డ. "ఓరీ మానవా! నీ పాపం పండింది!" అని ఆ రోజు అతను గర్జిస్తుంటే, ఒడ్డున కూర్చున్న చేపలవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

"మనల్నే తిట్టెత్తన్నాడేటే?" అని ఎవరో అనడం కూడా అతని చెవిన పడింది.

"వీళ్ళకి చెప్పి లాభం లేదమ్మా," అన్నాడు తాయారమ్మతో. "ఇళ్ళు కొట్టుకుపోతున్నా పట్టదు."

ఆమె అతని కంచంలో ఇంకాస్త పులుసు పోసింది. "తిను నాయనా. రేపు మళ్ళీ ఇక్కడే ఆడదాం."

"ఎవరొస్తారు?"

"వేషం అదే. మాటలు మాత్రం వద్దు. నేను నీకేసి చూసినప్పుడల్లా ఒక అడుగు ముందుకు రా."

"మాటల్లేకుండా సముద్రుడేమిటమ్మా?"

తాయారమ్మ నవ్వింది.

మర్నాడు ఎండ చల్లబడ్డాక ఆమె ఇసకలో మూడు రాళ్ళు పెట్టి, వాటి మీద కుండ పెట్టి, వంట చేస్తున్నట్టు కూర్చుంది. మురారికేసి చూసింది. అతను అడుగు వేశాడు. ఆమె గబగబా రాళ్ళూ కుండా వెనక్కి జరుపుకుని, మళ్ళీ గరిటె తిప్పింది. ఇంకో అడుగు. మళ్ళీ జరుపుకుంది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు తలెత్తి చూశారు. పిల్లలు నవ్వారు. మెల్లగా జనం మూగారు.

"అలగ్గాదమ్మా!" అంది వాళ్ళలోంచి పోలమ్మ అనే పెద్దావిడ. "ముందు పొయ్యి తియ్యం. మా ముసిలోణ్ణి మంచంతోటి ఎత్తుకెల్తాం."

అందరూ నవ్వారు. తాయారమ్మ లేచి వెళ్ళి గరిటె ఆమె చేతిలో పెట్టి, తను జనంలో కూర్చుంది.

పోలమ్మ సిగ్గుపడుతూనే పొయ్యి దగ్గరికి వచ్చింది. తాయారమ్మ చూసింది. మురారి అడుగు వేశాడు. పోలమ్మ కుండ జరపలేదు. అతని ముఖంలోకి చూసింది.

"గంగమ్మా," అంది, రోజూ సముద్రాన్ని పిలిచినట్టే.

కోరమీసాల గంగమ్మని చూసి జనం ఘొల్లుమన్నారు. పోలమ్మ నవ్వలేదు.

"మా అయ్యని సాకినావు. నా బిడ్డల్ని సాకినావు. రెండిల్లు తీసుకెల్లిపోయినా నిన్నొక్క మాటనలేదు. ఇంక ఎనక జాగా లేదే తల్లీ. నానెక్కడికెల్లాలి?"

నవ్వులు ఆగిపోయాయి.

దీనికి జవాబు మురారికి కంఠతా వచ్చు. పొగగొట్టాలు, కరుగుతున్న మంచుకొండలు, అన్నీ రాసుకున్నాడు. కానీ ఇప్పుడు వెనక్కి వెళ్ళిపోవాలనిపించి గురువు వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను కళ్ళు తుడుచుకుని, ముందుకే అడుగు వేశాడు.

పోలమ్మ అతని చెయ్యి పట్టుకుని జనం వైపు తిరిగింది. "ఇది ఆగదు. మరి మనమేటి సేద్దాం?"

ఒకాయన, ఒడ్డు కోసుకుపోకుండా ఆపే సరుగుడు తోటని కొట్టేశారు కనక మళ్ళీ నాటాలన్నాడు. ఇంకొకామె, ఇళ్ళు మార్చాల్సొస్తే తలో దిక్కూ పోకుండా ఊరంతా ఒక్కచోటికే పోవాలంది. కాదన్నవాళ్ళతో గట్టిగానే పోట్లాడింది. అంతలో ఒక ముసలాయన మురారిని అడిగాడు.

"బాబూ, అసలిదెందుకిలగ మీదికొత్తంది?"

మురారి కిరీటం తీసేసి, ఆయన పక్కనే ఇసకలో కూర్చున్నాడు. తనకు తెలిసింది మామూలు గొంతుతో చెప్పాడు. జనం దగ్గరికి జరిగి విన్నారు.

సామాను సర్దుకునేటప్పుడు తాయారమ్మ అతని తల నిమిరింది.

"ఇవాళ బాగా ఆడావురా."

"నేనేం ఆడానమ్మా? వేషంలో ఉన్నంతసేపూ నోరే విప్పలేదు."

"నిన్న ఆటంతా నువ్వే నిండిపోయావు," అంది తాయారమ్మ. "ఇవాళ వాళ్ళకి కాస్త చోటిచ్చావు."