కంబాచారి సొరకాయ

మీ తాతల తాతకు పాలపళ్ళు కూడా రాని రోజుల్లో, రెండు కొండల నడుమ ఒక దారి ఉండేది. ఆ దారి పక్కన మిట్ట మీద, బండల చాటున ఒక పూరిల్లు. ఆ ఇంట్లో ఓబుళమ్మ అనే ఆవిడ దారిన పోయేవాళ్ళకు సంగటి చేసి పెట్టి బతికేది. బతికేది అంటున్నాను గానీ, పెడదామంటే తినేవాడు రావాలి కదా. కింద దారిలోంచి చూస్తే ఇంటి కప్పు, కప్పు మీద సొరతీగ, అంతే కనబడేది. లోపల పొయ్యి మీద పప్పు ఉడుకుతోందని ఎవరికి తెలుస్తుంది? ఆకలితో నకనకలాడుతూనే అందరూ ముందుకు పోయేవాళ్ళు.

ఓబుళమ్మకు మొగుడు పోయాడు, పిల్లల్లేరు. అన్న గిడ్డయ్య కబురు పెట్టాడు. వచ్చే పున్నమికి బండి కట్టుకొని వస్తాను, పొయ్యి ఆర్పేసి సామాను సర్దుకో, మా ఇంట్లోనే ఉందువు గాని అని. అన్న మంచివాడే. వదినా మంచిదే. కానీ ఇన్నేళ్ళూ తన పొయ్యికి తనే యజమానిగా ఉన్న మనిషి, ఇంకొకరి వంటింట్లో నిలబడి ఉప్పు ఎంత వేయమంటావు వదినా అని అడగాలంటే ఎంత కష్టం? 

అందుకని దారిలోకి కనబడేట్టు ఒక పేరు పలక చెక్కించి ఇంటి ముందు కట్టాలనుకుంది. ఇంట్లో ఉన్న మంచి చెక్క ఒక్కటే, పెళ్ళినాటి టేకు పెట్టె మూత. దాన్ని ఊడదీసింది.

కొండ అవతలి ఊళ్ళో చెక్కేవాళ్ళ వీధి ఉంది. రథాల మీద దేవుళ్ళను చెక్కేవాళ్ళు ఒక పూట సంగటి కోసం మిట్ట ఎక్కి వస్తారా? రారు. వచ్చింది కంబాచారి. ఆ వీధిలో అందరికంటే చిన్న పనులు చేసేవాడు. గరిటె కాడలు, మంచం కోళ్ళు, విరిగిన కాడి మేకులు, ఇవీ ఆయన పనులు. ఆయన సంచిలో ఉన్నవి మూడే ఉలులు. ఒకటి చదునుది, ఒకటి గోరులాగా వంపు తిరిగింది, ఒకటి సన్నటి మొనది.

ఓబుళమ్మ తన కోరికలన్నీ చెప్పింది. విస్తరాకు, సంగటి, పప్పు, పచ్చడి, ఊరగాయ, చుట్టూ తీగ, తీగ మీద నెమళ్ళు, కింద తన పేరు. కంబాచారి అన్నిటికీ తల ఊపి చెక్క ముందు కూచున్నాడు. చదునుది తీశాడు, పెట్టేశాడు. వంపుది తీశాడు, పెట్టేశాడు. మొనది తీశాడు, అదీ పెట్టేశాడు. పొద్దు నెత్తి మీదకు వచ్చింది. చెక్క మీద ఒక్క గీత పడలేదు.

ఓబుళమ్మకు ఒళ్ళు మండింది. పున్నమి దగ్గరికొస్తోంది, నువ్వేమో ఉలులతో అచ్చనగాయలు ఆడుతున్నావు అని దులిపేసింది.

"ఏ ఉలి పెట్టాల్నో తెలీకుండా పెడితే ఎట్లమ్మా?" అన్నాడు కంబాచారి. "నీకుండేది ఒక్క చెక్క. కప్పు మీద సొరకాయలు ఇన్ని ఉండాయి. సొరకాయ పాడైతే కూర వండుకుంటాం. చెక్క పాడైతే ఏం వండుకుంటాం?"

కోపంలో కూడా ఓబుళమ్మకు నవ్వొచ్చింది. నిచ్చెన వేసుకొని ఒక పెద్ద కాయ కోసిచ్చింది.

కంబాచారి మొన ఉలి పట్టి అన్నీ చెక్కాడు. నెమలి ఈకలు లెక్కపెట్టుకోవచ్చు, అంత సన్నటి పని. ఓబుళమ్మ మురిసిపోయి, ఇంక చెక్క మీద వేసెయ్యమంది.

"దగ్గర నుంచి కాదమ్మా, దారి నుంచి చూడాల" అన్నాడు కంబాచారి.

కాయను ఇంటి ముందు గుంజకు కట్టి దారిలోకి దిగాడు. ఉప్పు మూటలు గాడిదల మీద వేసుకొని వస్తున్న ఒకాయనను ఆపి, అక్కడేం కనబడుతోందని అడిగాడు. సొరకాయ అన్నాడాయన. నడిదారిలో నిలబడి సొరకాయను చూపించే మనిషి ఎవడా అని వింతపడి మిట్ట ఎక్కాడు. అప్పటికే కాయ కుండలోకి పోయింది. వాసనకు ఆగలేక కూచుని, కడుపునిండా తిని పోయాడు.

రెండో కాయ. ఈసారి కంబాచారి వంపు ఉలి పట్టాడు. అన్నీ లావుగా, లోతుగా తీశాడు. ఓబుళమ్మ బాగుందంది. "దగ్గర నుంచి కాదమ్మా, దారి నుంచి చూడాల." గాజుల మలారం మోసుకుంటూ ఒక ముసలమ్మ వస్తోంది. చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది. ఎవరిదో తలకాయ, మీసాలు కూడా ఉన్నాయి అంది. నెమళ్ళు మీసాలైపోయాయి మరి. తన ఇంటి ముందు మీసాల తలకాయ వేలాడుతోందని విని ఓబుళమ్మ పొట్ట పట్టుకొని నవ్వింది. ముసలమ్మా వచ్చి కూచుంది, ఆ కాయా కూరైంది.

నవ్వైతే నవ్వింది గానీ, పున్నమి రేపే. ఆ దిగులుతోనే ఓబుళమ్మ వడ్డనకు దిగింది. ముసలమ్మ ముందున్న ఆకులో సంగటి ముద్ద పెట్టింది, గరిటెతో నెత్తిన గుంట చేసింది, గుంటలో నెయ్యి పోసింది. కంబాచారి ఆ ముద్దనే చూస్తూ కూచున్నాడు. చూసి చూసి, మిగతావన్నీ తీసేద్దామమ్మా అన్నాడు.

"నెమలి లేకుంటే అందమేముండాది?" అంది ఓబుళమ్మ.

"దారిలో ఆకలితో పొయ్యేవాడు నెమలిని తింటాడా తల్లీ?"

ఓబుళమ్మ కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత వెళ్ళి మూడో కాయ కోసుకొచ్చింది.

ఈసారి కంబాచారి మూడు ఉలులూ పట్టాడు. చదునుదానితో చుట్టూ ఉన్నదంతా దించేస్తే ఆకు, ముద్ద పైకి తేలాయి. వంపుదానితో ముద్ద నెత్తిన లోతుగా గుంట తీస్తే దాంట్లో నీడ నిలిచింది. మొనదానితో ఆకు అంచు, కింద పేరు. ఏ ఉలి పని ఆ ఉలికి దొరికింది.

పున్నమి నాడు పొద్దున్నే కాయ కట్టి దారిలోకి దిగాడు. ఒక బండి వస్తోంది. బండాయన ఎవరో తెలీకపోయినా కంబాచారి ఆయన్నీ ఆపి, అక్కడేం కనబడుతోందని అడిగాడు.

"విస్తరాకు" అన్నాడు బండాయన. "ఆకులో సంగటి ముద్ద. ముద్ద నెత్తిన నెయ్యి. కోడి కూయకముందే బయల్దేరినానప్పా, చూస్తాంటే పేగులు అరుస్తాండాయి." ఇంకోసారి చూశాడు. "అది మా ఓబుళ ఇల్లు కదా!"

గిడ్డయ్య మిట్ట ఎక్కేసరికి ఇంటి ముందు కాలు పెట్టే చోటు లేదు. ఉప్పాయన సంత నుంచి తనవాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చాడు. గాజుల ముసలమ్మ ముందురోజు పోయిన దారంతా మీసాల తలకాయ కథ చెప్పింది, అది చూడ్డానికి కొందరొచ్చారు. చెల్లెలిని తీసుకుపోదామని వచ్చిన అన్నకు మొదటి బంతిలో చోటే దొరకలేదు. ఊరికే నిలబడటం ఎందుకని పంచె ఎగ్గట్టి విస్తర్లు వేశాడు. ఆపైన నీళ్ళు పోశాడు. సామాను సర్దే మాట ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం ఖాళీ బండి కట్టుకుంటూ గిడ్డయ్య అన్నాడు: "నిన్ను తీస్కపోదామని వస్తిని. కొన్నాళ్ళుంటే నన్నే ఇక్కడ పెట్టుకోమంటానేమో చెల్లీ."

ఓబుళమ్మ నవ్వుతూనే ఏడ్చింది. సంతోషం అంత పెద్దది మరి. మర్నాడు కంబాచారి టేకు చెక్క ముందు కూచుని, ఒక్కసారి కూడా ఉలి దించకుండా పలక చెక్కేశాడు.

కంబాచారి ముసలివాడై కన్నుమూశాక, చెక్కేవాళ్ళ వీధివాళ్ళు ఆయన పేరున ఒక పలక పెడదామని మంచి టేకు చెక్క తెచ్చారు. ఆయన పద్ధతిలోనే ముందు ఒక సొరకాయ మీద ఆయన పేరు చెక్కి వీధి మొదట్లో కట్టారు. దారిన పోయేవాడు ఆగి, ఎవరీ కంబాచారి అని అడిగాడు. అడిగితే చెప్పరా? కథ మీసాల తలకాయ దాకా వచ్చేసరికి ఆ కాయ కూరై ఉడికింది. చెప్పినవాళ్ళూ విన్నవాడూ కలిసి తిన్నారు. ఇంకొకడు ఆగాడు, ఇంకో కాయ కట్టారు. అప్పటికి తల నెరిసిన ఓబుళమ్మ అందరికీ వడ్డిస్తూ, పలక కడితే చదువుకొని పోతారు, కాయ కడితే నిలబడి అడుగుతున్నారు, ఇదే బాగుంది అంది.

అప్పటి నుంచి ఏటా తొలి సొరకాయలు దిగగానే ఆ వీధిలో కంబాచారి పేరు చెక్కి కడతారు, అడిగినవాడికి కథ చెప్పి కూర పెడతారు. ఎవరైనా తొందరపడి బావి తవ్విస్తానన్నా, పెళ్ళి ఖాయం చేస్తానన్నా, సొరకాయ మీద చెక్కి చూశావా అని అడుగుతారు. ఆయన పలక కోసం తెచ్చిన టేకు చెక్క ఇంకా ఉంది. దాని మీద ఒక్క అక్షరం లేదు. ఏటా సొరకాయలు తరిగేది దాని మీదే.