పొగ ఆగకూడని నగరం

ఒక చల్లని దేశంలో, మొక్కజొన్న చేల నడుమ, నది మలుపు తిరిగే చోట ఒక చిన్న నగరం ఉండేది. ఆ నగరం ఇనుప పొయ్యిలు పోసేది. ఆ దేశంలో ఎవరింట చలికాలం గడిచినా, అది ఆ నగరం పోసిన పొయ్యి పక్కనే గడిచేది.

నదిలో సన్నని ఇసుక ఉందని మొదట వచ్చినవాళ్ళు అక్కడ ఆగారు. కొలిమి కట్టారు. కొలిమికి పొగగొట్టం కట్టారు. దాని చుట్టూ ఇళ్ళు లేచాయి. చెక్కతో చేసిన అచ్చును తడి ఇసుకలో నొక్కి తీస్తే ఆకారం ఇసుకలో నిలిచిపోతుంది; ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఇనుము వచ్చేది, పొయ్యి అయి వెళ్ళిపోయేది. అచ్చులు మాత్రం తాతల నాటివి, కొట్టులోనే ఉండేవి.

తరాలు గడిచేసరికి జనం పొయ్యిలను చూడడం మానేసి పొగను చూడడం అలవాటు చేసుకున్నారు. ఆరేసిన దుప్పటి మీద మసి పడితే ఆ ఇంట్లో పని ఉన్నట్టు. దుప్పటి తెల్లగా ఆరిన ఇంటికి పిల్లనిచ్చేవారు కాదు. నల్లబడిన బట్టలు దులుపుకుంటూ, "మీ వైపుకి గాలి బాగా తిరిగినట్టుందే వదినా" అని ఆడవాళ్ళు కొంచెం అసూయగానే పలకరించుకునేవారు.

తరవాత దూరపు ఊళ్ళవాళ్ళు గోడల్లో వేడినీటి గొట్టాలు వేయించుకుని ఇళ్ళు వెచ్చబెట్టుకోవడం నేర్చారు. పొయ్యిలు అడిగేవారు తగ్గి, చివరికి లేకుండా పోయారు. పనివాళ్ళను ఇళ్ళకు పంపేశారు. కొలిమివాణ్ణి ఒక్కణ్ణి మాత్రం నగరపెద్ద పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

పని లేకపోయినా జనం కొంతకాలం ఓర్చుకుంటారనీ, పొగ లేకపోతే మాత్రం మూటలు కట్టుకుంటారనీ నగరపెద్ద చెప్పాడు. జనం పోయాక నగరమని దేన్ని పిలవాలి? కాబట్టి పొగ ఆగకూడదు. కొలిమివాడికి ఈ మాట సబబుగానే తోచింది. అతని తండ్రీ తాతా ఆ నిప్పు ముందే నడుములు అరగదీసుకున్నారు. అది తన చేతుల్లో చల్లారడం అతనికి ఇష్టం లేదు.

మొదట మిగిలిన బొగ్గు కాల్చాడు. తరవాత విరిగిన బల్లలు, పాత బండి చక్రాలు కాల్చాడు. శరత్తు ముదిరేనాటికి అచ్చుల కొట్టు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

అచ్చులు చెక్కేవాడు అతనికి స్వయానా బావ, భార్యకు అన్న. పని ఆగిపోయినా రోజూ కొట్టుకు వచ్చి అచ్చులకు మైనం రాసి, తుడిచి వెళ్ళేవాడు. కొలిమివాడు తోపుడుబండితో గుమ్మంలో నిలబడేసరికి, తలెత్తకుండానే సంగతి గ్రహించాడు.

"విత్తనాలు వేయించుకు తిని వానకోసం చూసినట్టుంది నీ వ్యవహారం, బావా," అన్నాడు అచ్చులు చెక్కేవాడు.

"వాన రాదని తేలిపోయాక విత్తనాలు దాచుకుని ఏం చేస్తావు?" అన్నాడు కొలిమివాడు. "ఇవాళ పొగ రాకపోతే రేపు మా పక్కింటివాళ్ళు బండి కడతారు. ఎల్లుండి నీ చెల్లెలు కట్టమంటుంది."

బావ మైనం గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని దారికి అడ్డు తొలిగాడు.

తాతలనాటి చెక్క, మైనం తాగిన చెక్క. పొగ దట్టంగా లేచింది. అంత పొగను ఆ నగరం తన మంచిరోజుల్లో కూడా చూసి ఎరగదు. ప్రతి పెరట్లో దుప్పట్లు నల్లబడ్డాయి. మూటలు కట్టుకున్నవాళ్ళు విప్పుకున్నారు. నగరపెద్ద సభ చేసి కొలిమివాడికి శాలువా కప్పాడు.

ఆ పొగ చాలా దూరం కనబడింది. దాన్ని గుర్తు పెట్టుకుని ఉత్తరపు కొండల నుంచి ఒక వర్తకుడు పడవలో వచ్చాడు. తొలి మంచుకే తమ వైపు గొట్టాలన్నీ పగిలిపోయాయనీ, పసిపిల్లలున్న ఇళ్ళలో నిప్పు లేదనీ, నది గడ్డకట్టేలోగా ఎన్ని పొయ్యిలు పోసిస్తే అన్నీ తీసుకుంటామనీ చెప్పాడు. దారిలో చూసిన పొగగొట్టాలన్నీ చల్లగా ఉన్నాయట. "మీరొక్కరే నిలబెట్టుకున్నారు" అని చేతులు జోడించాడు.

నగరపెద్ద కొలిమివాడి వైపు చూశాడు. కొలిమివాడు బావ వైపు చూశాడు. బావ ఎవరి వైపూ చూడలేదు. నదిలో ఇసుక ఉంది. పెరళ్ళలో పాత ఇనుముంది. పనివాళ్ళున్నారు. అచ్చు ఒక్కటీ లేదు.

ఆ సాయంత్రం కొలిమివాడు ఖాళీ కొట్టుకు వెళ్ళి, మళ్ళీ చెక్కగలవా అని అడిగాడు. ఆకారాలన్నీ చేతికి గుర్తేననీ, చెక్కే లేదనీ అన్నాడు బావ. చెట్లు కొట్టుకొస్తానన్నాడు కొలిమివాడు. పచ్చి చెక్క ఆరేకొద్దీ వంకరపోతుందనీ, వంకర అచ్చుతో పోసిన పొయ్యి పక్కల పలకలు ఒకదానితో ఒకటి కుదరవనీ, ఏళ్ళ తరబడి ఆరిన చెక్కే కావాలనీ బావ వివరించాడు. కాల్చడానికే వెతికి వెతికి అలిసిపోయాను, అలాంటి చెక్క ఇంకెక్కడుందని అడిగాడు కొలిమివాడు.

"ప్రతి ఇంటికీ ఉంది," అన్నాడు బావ. "చీకటి పడగానే గడియ పెట్టుకుంటారు చూడు, అది."

కొలిమివాడు ఇంటికి వెళ్ళి తలుపు బందులు విప్పసాగాడు. వచ్చేది చలికాలమని భార్య గుర్తు చేసింది. అతను చేయి ఆపకపోవడం చూసి, తలుపు పక్కకు ఒరిగిపోకుండా తనే పట్టుకుంది. వీపున తలుపు మోసుకుంటూ వీధిలో నడుస్తుంటే జనం అరుగుల మీదికి వచ్చారు. అచ్చులు ఏమయ్యాయో, తలుపు ఎందుకు కావాలో అతను ప్రతి గుమ్మం ముందూ ఆగి చెప్పాడు. అందరూ శ్రద్ధగానే విన్నారు. ఒకతను మాత్రం, "అయితే రేపు పొగ ఉంటుందా?" అని అడిగాడు. ఉండదని చెప్పాడు కొలిమివాడు.

బావ ఆ తలుపును బల్ల మీద పడుకోబెట్టి, మసి తుడిచి, అరచేత్తో నిమిరాడు. మంచి చెక్కేననీ, పొయ్యికి ఒక పక్కపలక అచ్చు మాత్రం దీంట్లోంచి వస్తుందనీ అన్నాడు.

మిగతా పక్కల మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. వీధి పొడవునా గడియలు పడుతున్న చప్పుడు ఒకదాని వెంట ఒకటి వినిపించింది. అది ఆగాక ఎక్కడో సుత్తి దెబ్బలు మొదలయ్యాయి, కాసేపటికి ఇంకోచోట. బందులు ఊడదీస్తున్నారో, మరింత బిగిస్తున్నారో ఆ చప్పుడును బట్టి చెప్పడం కష్టం.

బావ ఉలి నూరడానికి కూర్చున్నాడు.