వేయి ఏనుగుల లెక్క

ఒకానొక రాజ్యంలో, అది ఎక్కడని మాత్రం నన్నడగకండి, రణధీరభూపాలుడనే రాజు ఉండేవాడు. పొగడ్త వినకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. పొద్దున్నే వందిమాగధులు మంచం పక్కన నిలబడి "వేయి ఏనుగుల బలశాలీ" అని మొదలుపెట్టాలి. ఆ బిరుదును రాళ్ల మీద చెక్కించి కోట గుమ్మాలన్నిటికీ పెట్టించాడు కూడా.

ఆ ఏడు పశువులకు మాయరోగం వచ్చింది. ఊళ్లకు ఊళ్లే కొట్టాలు ఖాళీ అయ్యాయి. రాజుగారికేమో పుట్టినరోజుకు కొత్త కొలనులో జలక్రీడలాడాలని కోరిక పుట్టింది. కొలను పక్కన ఎనిమిది మోటబావులున్నాయి. ఎడ్లజత వాలు దిగుతూ తాడు లాగితే తోలుబాన నిండా నీళ్లు పైకొస్తాయి. బావులున్నాయి, బానలున్నాయి, ఎడ్లే లేవు. పైదేశం నుంచి తెప్పించాలంటే రెండు నెలలు పడుతుంది. పుట్టినరోజు ఇరవై రోజుల్లోకి వచ్చేసింది. పట్టపుటేనుగుల చేత నీళ్లు తోడించడం రాజుగారికి నామోషీ.

అప్పుడు ఆస్థాన పండితుడు నిటలాక్షశాస్త్రి ఒక తాటాకు పట్టిక తెచ్చి సభలో చదివాడు.

"ఒక ఏనుగు బలం పది జతల ఎడ్ల బలం. ఒక జత ఎడ్ల బలం పన్నెండుగురు మనుషుల బలం. ఎడ్లు లేకపోతేనేం ప్రభూ, మనుషుల్లోకి మార్చుకుంటే సరిపోతుంది."

రాజు ముచ్చటపడి శాస్త్రికి శాలువా కప్పాడు. ఆ సాయంత్రమే భటులు గానుగపెంట అనే ఊరి మీద పడి తొంభై ఆరుగురు మగవాళ్లను తోలుకొచ్చి, మోటకు పన్నెండుగురు చొప్పున తాళ్లకు కట్టారు. వాళ్లు కూడా మనుషులేనన్న మాట పట్టికలో ఉంది కానీ, దాన్ని ఎవరూ అలా చదవలేదు. నాలుగో రోజు పొద్దున పెంటయ్య అనేవాడు వాలు మీద కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు.

ఆ రాజు కొలువులో కోనప్ప అని ఒక చమత్కారి ఉన్నాడు. రాజును నవ్వించడమే అతని ఉద్యోగం. ఆ రోజు అతను పెంటయ్యను కాటికి మోసినవాళ్లతో నడిచి, స్నానం చేసి, ఆలస్యంగా సభకు వచ్చాడు.

"ఏం కోనప్పా, ముఖం అలా వేలాడేశావు?" అన్నాడు రాజు.

"మోట దగ్గర మనిషి పోయాడు ప్రభూ. మిగిలినవాళ్లనైనా వదిలెయ్యండి."

రాజుకు కోపం వచ్చింది. "శాస్త్రిగారి పట్టిక తప్పని నిరూపించు, వదిలేస్తాను. లేదంటే పోయినవాడి చోట రేపు నువ్వే తాడు పట్టు."

సభంతా కోనప్ప బక్కచేతుల వంక చూసింది.

"పట్టిక తప్పని ఎవరన్నారు ప్రభూ? దాన్ని పూర్తిగా అమలు చెయ్యడం లేదనే నా బాధ," అన్నాడతను. "శాస్త్రిగారూ, తొంభై ఆరుగురు ఇరవై రోజులు లాగితే కొలను నిండుతుంది కదా. వేయి ఏనుగులు లాగితే ఎంతసేపట్లో నిండుతుంది?"

లెక్క అడిగితే శాస్త్రికి ఒళ్లు తెలియదు. కళ్లు మూసుకుని వేళ్లు మడిచాడు. "వేయి ఏనుగులంటే పదివేల జతల ఎడ్లు. అంటే లక్షా ఇరవై వేల మంది మనుషులు. ఇరవై రోజుల పని అర ఘడియలో తెమిలిపోతుంది."

"విన్నారా ప్రభూ," అన్నాడు కోనప్ప. "తమ బలం వేయి ఏనుగులదని కోట గుమ్మాల మీదే రాసి ఉంది. తమరు ఒక్క అర ఘడియ తాడు పడితే కొలను నిండుతుంది. ఆ తొంభై ఆరుగురిలో బతికినవాళ్లు ఇళ్లకు పోతారు."

రాజు శాస్త్రి వైపు చూశాడు.

"అది... బిరుదు బలం వేరు, తాడు లాగే బలం వేరు ప్రభూ," అని నసిగాడు శాస్త్రి.

"అయితే ఎద్దు బలం వేరు, మనిషి బలం వేరు అని కూడా రాయండి," అన్నాడు కోనప్ప మెల్లగా. "పెంటయ్య ఎడ్లజతలో పన్నెండో వంతని రాశారు. ఆ పన్నెండో వంతుకు ఇంటి దగ్గర నలుగురు పిల్లలున్నారు."

లాగనంటే బిరుదు అబద్ధమవుతుంది. పట్టిక తప్పంటే మిగిలినవాళ్లను వదలాలి. రాజు మొండివాడు. తలపాగా తీసి పక్కన పెట్టి మోట దగ్గరికి నడిచాడు.

అక్కడి మనుషులను పక్కకు జరిపించి తాడు భుజాన వేసుకుని లాగాడు. బాన బెత్తెడైనా లేవలేదు. కాళ్లు జారి వాలు మీద మోకాళ్ల మీద పడ్డాడు. వెంట వచ్చిన వందిమాగధులు ఏం పాడాలో తెలియక నేల చూశారు.

పక్క మోట దగ్గర పదకొండుమంది తాడు ముడులు విప్పకుండా నిలబడి ఉన్నారు. వాళ్లలో ముసలివాడు ఎర్రప్ప అన్నాడు, "ఇటు రండి దొరా. ఈ చోటు ఖాళీగా ఉంది."

అది పెంటయ్య చోటు. రాజు వెళ్లి అక్కడ నిలబడ్డాడు. పన్నెండుగురూ లాగితే బాన పైకొచ్చింది. ఆ ఒక్క బానకే రాజుగారి అరచేతుల చర్మం లేచిపోయింది.

రాజు వాలు మీదే కూర్చుని చేతులు చూసుకుంటూ నవ్వాడు. వినడానికి ఏమంత బాగాలేని నవ్వు అది.

"శాస్త్రీ, పట్టికలో ఇంకో వరుస చేర్చు. ఒక రాజు బలం ఒక మనిషి బలం. అదీ పొద్దున్నించీ ఏ పనీ చెయ్యనప్పుడు."

తాళ్లు విప్పించాడు. కొలను ఎండనే ఎండింది. ఓడినందుకు సిగ్గుపడుతూనే మెడలోని కంటె తీసి కోనప్ప చేతిలో పెట్టాడు.

కోనప్ప దాన్ని మెడలో వేసుకోలేదు. నేరుగా గానుగపెంటకు పోయి పెంటయ్య పెళ్లాం సోలమ్మ ముందు పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"దీనికి ఎడ్లజత వస్తాదా అయ్యా?"

"వస్తుందమ్మా."

"అయితే కొనిపెట్టు. రేప్పొద్దున ఎవరైనా వస్తే ఎడ్లను తోలుకుపోతారు. నా పెద్దోణ్ణి ఇడిసిపెడతారు."

రెండు నెలలకు ఎడ్లు వచ్చాయి. పన్నెండో వంతు పోయి నిండు జత వచ్చింది కాబట్టి, పట్టిక ప్రకారం సోలమ్మకు లాభమే. ఆ మాట చెప్పి నవ్వించడానికి కోనప్ప ఆ ఇంటికి మళ్లీ వెళ్లలేదు.